కాటాలాయన బండికి కుట్టిన తొడుగు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. కాళ్లు చాపుకో, ఫరవాలేదు. ఒక కాటాలాయన సంగతి చెబుతాను, విను.

కాటాలాయన అంటే ఊరూరా తిరిగి దుకాణాల్లో తూకం కాటాలు బాగుచేసే మనిషి. ఏభై దాటినా, పెద్ద బైకుకు రెండు పక్కలా పనిముట్ల పెట్టెలు కట్టుకుని, రోజుకు రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేవాడు. ఆయన భార్య ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బళ్లకు సీటు కవర్లు కుట్టేది.

చలిగాలికి ఆయన మోకాళ్లు కొయ్యబారిపోయేవి. ఇంటికొస్తే గోడ పట్టుకుని గాని బండి దిగలేకపోయేవాడు. అది చూడలేక ఆవిడ, చూపు అంతంతమాత్రమైనా, నెల్లాళ్లు కూర్చుని బండి ముందు కాళ్లకు అడ్డంగా ఉండే ఇనప గార్డులకు మందపాటి రెక్సిన్ తొడుగు కుట్టింది. లోపల దూది పొర, చుట్టూ జంట కుట్టు. ఊడిపోకుండా గార్డుకే చుట్టి చేత్తో కుట్టేసింది. పైన ఛాతీ ఎత్తు విండ్‌షీల్డ్ ఆయనే బిగించుకున్నాడు. ఇంకేం, చలికాలమంతా దుప్పట్లో కూర్చున్నట్టే వెళ్లొచ్చాడు.

ఎండలు ముదిరాయి. గాలిని రానివ్వని తొడుగు వేడిని మాత్రం పోనిస్తుందా? ఇంజను సెగంతా అందులోనే నిండి కుడి కాలిని కొట్టేది. మధ్యాహ్నానికి పిక్క ఉడికిపోయేది. తడిగుడ్డ చుట్టుకుంటే చిటికెలో ఎండిపోయేది. తొడుగు కోసి పారేస్తే తీరిపోయేదే. కానీ ఆ కళ్లతో కుట్టినదాన్ని కోయడానికి ఆయనకు చెయ్యి రాలేదు, చెప్పడానికి నోరూ రాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, ఇంట్లో కూడా ప్యాంటుతోనే తిరిగాడు. ముందు దూరపు ఊళ్లు మానేశాడు. చివరికి విసిగిపోయి బండి అమ్మేస్తానన్నాడు.

ఆవిడ కుడుతున్న కవరు పక్కన పెట్టేసింది. బండి పోతే పని పోయినట్టే. పని లేని రోజున ఆయన మంచం దిగడు.

"ఏమొచ్చింది మీకు?"

"వయసొచ్చింది."

అమ్మే ముందు బండి ఎలా ఉందో చూడటానికి ఆవిడ తమ్ముడే వచ్చాడు. అతను మెకానిక్కు. ఒక చుట్టు తిప్పుకొస్తానని వెళ్లి, అరగంటకు ఒంటికాలి మీద గెంతుతూ దిగాడు.

"బావా, ఇది బండా కుంపటా?"

"మెల్లగా. మీ అక్క వింటుంది."

"వినాలనే అరుస్తున్నా. అక్కా! అరగంటకే నా కాలు కమిలిపోయింది. ఎండాకాలమంతా తోలినాయన కాలు ఎలా ఉందో చూశావా?"

ఆవిడ మిషను ఆపి వచ్చింది. "ప్యాంటు ఎత్తండి."

ఎత్తాడు. పిక్క నల్లబడి, అక్కడక్కడా చర్మం ఊడిపోయి ఉంది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు," అంది ఆవిడ. గొంతులో కోపానికి కూడా ఓపిక లేదు. "కుట్టు కంటే కాలు చవకా?"

"నువ్వంత కష్టపడి..."

"కుట్టినదాన్ని విప్పలేనా?"

"బావకి దేవుడు నోరు అలంకారానికిచ్చాడక్కా," అన్నాడు తమ్ముడు.

ఆవిడ నేల మీద చతికిలబడి బ్లేడుతో కుట్లు తెంపడం మొదలుపెట్టింది. మోకాలికి అడ్డుండే పై ముక్క మాత్రం ఉంచి, ఇంజను పక్కదంతా కోసేసింది. ఉంచినదానికీ ఎండల్లో ఊడదీసుకునేలా నొక్కుడు గుండీలు కుట్టింది. గాలి ఆడేందుకు తమ్ముడు విండ్‌షీల్డ్ కింద నాలుగు వేళ్ల సందు వచ్చేలా పైకి జరిపాడు. కాటాలాయన అలా చూస్తూ కూర్చుని, "నీళ్లు తాగుతావా?" అన్నాడు.

"తెండి. ముందు మీరు తాగండి."

బండి అమ్మలేదు. కాలు మానేదాకా నెల్లాళ్లు ఇంటిపట్టునే ఉండి, ఒక పొద్దున మళ్లీ దూరపు ఊరికి బయల్దేరాడు.

"మళ్లీ కాలితే?" అంది ఆవిడ.

"చెబుతా."

"ఎప్పుడు?"

"ఆ పూటే."

ఇదే సంగతి. మరిచిపోకు. నొప్పి దాచుకుని తిరిగే మనిషి నీకెక్కడైనా తగిలితే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ కాటాలాయన కథ చెప్పు.