భవాని పేరున వచ్చిన టెలిగ్రాం

దేవుణ్ణి నమ్ముకున్నవాడు బీమా కట్టవచ్చా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఎనభైల్లో ఒకసారి సూర్యాపేట నుంచి బీమా ఏజెంటు మా తండాకు వచ్చాడు. నేను అప్పుడే దీపం పెట్టి లేచాను. ఆయన అరుగు మీద కూర్చుని, "నువ్వు పోయినంక పిల్లల సంగతేంది?" అన్నాడు. దీపం ఎదుట ఆ మాట నాకు నచ్చలేదు. మజ్జిగ ఇచ్చి పంపించేశాను. కానీ ఆయన అడిగింది తప్పేం కాదని తర్వాత చాలాసార్లు అనిపించింది. కాపాడమని అమ్మవారిని అడిగి, కాపాడకపోతే డబ్బిమ్మని కంపెనీని అడగడం ఏం నమ్మకం? అడగకుండా ఉండడం మాత్రం ఏం తెలివి?

మాది పెన్‌పహాడ్ దగ్గర తండా. నా పేరు ధర్మా. రెండెకరాల పొలం, ఏడో తరగతి చదువు. తండాలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది నేనే. నా భార్య సాలికి చదువు రాదు. మా ఒక్కగానొక్క కూతురు రుక్మిణి మిర్యాలగూడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. ఇంట్లో మేం మాట్లాడేది లంబాడీ. నాన్నను 'బా' అంటాం. అందరికీ తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

1993 డిసెంబరులో వాళ్ల కాలేజీ వాళ్లు మొక్కల చదువు కోసం అరకు వైపు వారం రోజుల యాత్ర పెట్టారు. యూనివర్సిటీ అనుమతి ఇచ్చిన యాత్ర కాబట్టి వెళ్లేవాళ్లందరికీ బీమా ఉండాలట. తలకు తొమ్మిది రూపాయలు. రుక్మిణి ఆదివారం ఆ ఫారం తెచ్చి నా ముందు పెట్టి, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.

విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. విద్యార్థి ప్రాణానికి ఏమైనా జరిగితే సొమ్ము ఎవరికి చెందాలి? వారి పేరు, బంధుత్వం.

బిడ్డ చావు మీద డబ్బు తీసుకునేవాడిగా నా పేరు నేనే రాసుకోవాలా? సాలి పేరు రాయడానికీ చెయ్యి రాలేదు. గోడ మీద అమ్మవారి పటం కేసి చూశాను. ఆ గడిలో "తుల్జా భవాని" అని రాశాను. బంధుత్వం దగ్గర "తల్లి" అని రాశాను. అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. మేం ఆమెను యాడి అనే పిలుస్తాం, యాడి అంటే తల్లే. ఆమెకు అప్పగించేశాను, ఇక ఆమే చూసుకుంటుంది అనుకున్నాను. బస్సు టైమైందని రుక్మిణి ఆ కాగితం చూడకుండానే సంచిలో వేసుకుంది.

యాత్ర నుంచి వాళ్లు రావాల్సింది శుక్రవారం. శనివారం పొద్దున నా తమ్ముడు ఫూల్‌సింగ్ సూర్యాపేట నుంచి సైకిలు మీద వచ్చాడు. చేతిలో పేపరు ఉంది.

"అన్నా, జర ఇది సదువు."

మిర్యాలగూడ విద్యార్థుల బస్సు కోదాడ దగ్గర బోల్తా. ఇద్దరు మృతి, పలువురికి గాయాలు. పేర్లు తెలియరాలేదు. అంతే ఉంది.

"ఏమున్నదండ్ల?" సాలి గడప దగ్గర నుంచి అడిగింది.

"బస్సు పడ్డదట."

"మన పిల్ల పేరున్నదా?"

"ఎవ్వరి పేరూ లేదు."

"లేకుంటే మళ్లమళ్ల ఎందుకు సదువుతున్నవ్?"

సాలిని తీసుకుని సూర్యాపేట వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి కాలేజీకి ఫోను చేశాను. ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజ్ అనే వచ్చింది. మిర్యాలగూడ బస్సెక్కాం. "ఏమన్నా అయితే కబురు పెట్టకుంటరా? రాలేదంటే ఏం కానట్టే," అన్నాను.

"అందరి ఇండ్లకు పోయిందేమో. మన ఇంటికి ఏమని రాయాల్నో తెల్వక ఊకున్నరేమో," అంది సాలి. నేను మనసులో భవానీ నామం చెప్పుకోవాలని చూశాను. నాలుగుసార్లు చెప్పేసరికి లెక్క తప్పింది.

కాలేజీ ఆఫీసులో యేసయ్య అనే గుమాస్తా ముందు ఒక జాబితా ఉంది. ఫోను తీసి పక్కన పెట్టేసి ఉంది. పేరు చెప్పాను. ఆయన వేలు కాగితం మీద మెల్లగా కిందికి దిగింది.

"ఇగో, రుక్మిణి. నిన్న పొద్దుగాలనే టెలిగ్రాం కొట్టినం గదా, వాళ్లమ్మకు."

"ఏమని కొట్టిన్రు?" సాలి ముందుకు వచ్చింది.

"మీరెవరమ్మా?"

"వాళ్లమ్మను."

యేసయ్య కాగితం చూశాడు, సాలిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "మరి ఈ తుల్జా భవాని ఎవరే? పెద్దామెనా?"

సాలి నా వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నన్ను అలా చూడడం అదే మొదలు.

"దేవత సార్," అన్నాను. "మా దేవత."

"అంటే టెలిగ్రాం నేను దేవతకు కొట్టిన్నా!" యేసయ్య పెన్ను కింద పెట్టాడు. "ఏ గుళ్లె ఇచ్చిండో మీ పోస్టుమ్యాన్."

సాలి బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ముందు నా పిల్ల సంగతి సెప్పు సారూ!"

"అయ్యయ్యో, సెప్పనే లేదు గదా. పానానికి ఢోకా లేదు తల్లీ. కుడి చెయ్యి ఇరిగింది. కోదాడల దవాఖానల ఉన్నది. పోయినోళ్లు డ్రైవరు, క్లీనరు."

సాలి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత తెలిసింది. పోస్టుమ్యాన్ జానయ్య ముందురోజు మధ్యాహ్నమే తండాకు వచ్చాడట. మొదటి ఇంట్లో అడిగితే వాళ్లు తండా మధ్య మేం పూజ చేసే భవానీ గద్దె చూపించారట. ఎవరో తనతో ఎగతాళి ఆడారనుకుని టెలిగ్రాం వెనక్కి పట్టుకుపోయాడు. మేం అప్పుడు పొలంలో ఉన్నాం.

యేసయ్య నాకు ఒక కాగితం ఇచ్చాడు. "నాకూ దేవుడున్నడన్నా. ప్రతి ఆదివారం ప్రార్థనకు పోత. కానీ నా పిల్లగాని ఫారంల నా భార్య పేరే రాసిన. సంతకాలు పెట్టే పని దేవునికెందుకు? ఈ పేరు మారకుంటే దవాఖాన ఖర్చుల కాగితాలు ముందుకు పోవు. దీని మీద అసలు తల్లి సంతకం కావాలె, లేకుంటే ఏలుముద్ర. గాడ మా లెక్చరర్ ఉంటడు, ఆయనకియ్యుండ్రి. ముందు పిల్లను సూసుకోండ్రి."

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి మూడైంది. దవాఖాన వరండాలో ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక జత మగవాళ్ల చెప్పులు పెట్టుకుంది. డ్రైవరు భార్య అని నర్సు మెల్లగా చెప్పింది.

"మీరు రుక్మిణి వాళ్ల అమ్మానాన్నలాండీ?" అని ఆ నర్సే అడిగింది. "అందరి వాళ్లూ నిన్ననే వచ్చేశారు. ఆ అమ్మాయి నిన్నటి నుంచీ గుమ్మం వైపే చూస్తోందండీ."

ఆ మాట నాలో ఇప్పటికీ ఉంది.

రుక్మిణి చెయ్యి భుజం దాకా కట్టులో ఉంది. "బా, మీకు నా మీద కోపమొచ్చిందనుకున్న," అంది.

సాలి దాని తల నిమురుతూ సంగతంతా చెప్పింది. "మీ బా నాకు సవతిని తెచ్చిండు బిడ్డా. టెలిగ్రాంలు గూడ ఆమెకే వస్తున్నయి."

"నవ్వియ్యకు యాడీ, చెయ్యి గుంజుతది." నవ్వుతుంటేనే దాని కళ్లల్లోంచి నీళ్లు కారాయి.

లెక్చరరు వచ్చాక ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను. "ఆ డ్రైవరుకు, క్లీనరుకు కూడ ఈ బీమా ఉన్నదా సార్?"

ఆయన వరండా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇది విద్యార్థుల వరకే. వాళ్ల సంగతి బస్సు యజమాని చూడాలి."

చూశాడో లేదో నాకు తెలియదు. ఆ డ్రైవరు భార్య కూడా ఎవరో ఒక దేవుడికి అప్పగించే మొగుణ్ణి పంపి ఉంటుంది. తొమ్మిది రూపాయల కాగితంలో నా బిడ్డ ఉంది, బస్సు నడిపినవాడు లేడు. నా పాత సందేహం తీరకపోగా దాని పక్కన ఇంకొకటి చేరింది.

లెక్చరరు నా చేతిలో కాగితం తీసుకుని చూసి, జేబులోంచి ఇంకు పెట్టె తీసి మూత తెరిచాడు. సాలి బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

"ఏలుముద్ర ఎయ్య."

"ఎందుకు?" అన్నాను.

"లగ్గమైన కొత్తల నా పేరు రాసుడు నేర్పిస్తనన్నవ్. పంట కోసినంక అన్నవ్. ఎన్ని పంటలు కోసినం? నా పేరు నాకొస్తే ఆ ఫారంల నేనే రాసుకుందును. నా పిల్ల ఒక్క దినమన్నా గిట్ల ఎదురుసూడకపోవు."

మందుల చీటీ వెనక్కి తిప్పి, ఆమె వేళ్ల మధ్య పెన్ను పెట్టి, పైన నా చెయ్యి పెట్టాను. ఉన్నవి రెండే అక్షరాలు. మొదటిసారి చీటీ చిరిగింది. తర్వాత ఒక వరుసంతా కొండల్లా వచ్చింది. లెక్చరరు టైం చూసుకోలేదు. మంచం మీద నుంచి రుక్మిణి ఎడమచేతి వేలితో గాలిలో రాసి చూపించింది. చీటీ వెనక చోటంతా నిండేసరికి సాలి నా చేతిని పక్కకు నెట్టింది.

కాగితం తనే తీసుకుంది. పెదవులు బిగించి, పెన్ను గట్టిగా ఒత్తి, తల్లి పేరు అన్న చోట "సాలి" అని రాసింది. అక్షరాలు వంకరగా, గడి దాటి బయటికి వచ్చాయి. ఇంకు ఆరేదాకా ఊదింది. తర్వాత నాకివ్వకుండా కాగితం నేరుగా లెక్చరరు చేతిలో పెట్టింది.