కాంట్ కాదు, కెనాట్

మా మేనేజరుగారు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయారు. ఇంగ్లీషులో రాసి పంపితేనే లిఫ్టు కంపెనీవాళ్లు మెకానిక్‌ను పంపుతారు. టైపిస్టును నేనే కాబట్టి, "అవర్ మేనేజర్ కాంట్ కమ్ అవుట్" అని కొట్టాను.

హెడ్ క్లర్కుగారు చూసి నాలిక కరుచుకున్నారు. "కాంట్ ఏంటమ్మా? బనీనుతో పెళ్లికెళ్లినట్టుంది. కెనాట్ అనాలి."

"కెనాట్ అంటే గద్దించినట్టు ఉండదా సార్?"

లిఫ్టులోంచి కేక వినబడింది. "కాంట్ అన్నదెవరు? ఇక్కడ ఊపిరాడట్లేదు! ముందు 'ఇట్ ఈజ్ విత్ డీప్ రిగ్రెట్' అని మొదలుపెట్టండి!"

హెడ్ క్లర్కుగారు చెప్పగా చెప్పగా ఉత్తరం పేజీన్నర అయింది. అందులో లిఫ్టు అన్న మాటే లేదు. గంట తర్వాత కంపెనీ నుంచి జవాబొచ్చింది. మీ మేనేజరుగారి ఆత్మకు శాంతి కలగాలని రాశారు.

లిఫ్టు లోపల దగ్గు మొదలైంది. నేను ఎవరికీ చెప్పకుండా, "సార్ స్టక్. కమ్ ఫాస్ట్" అని పంపాను. పది నిమిషాల్లో మెకానిక్ వచ్చి తలుపు తెరిచాడు.

చెమటతో తడిసి ముద్దయిన మేనేజరుగారు ఒక కాలు బయట పెట్టి, మెకానిక్ ఫోనుకొచ్చిన నా నాలుగు మాటలూ చదివారు.

"ఇందులో 'ఈజ్' ఏదీ?"

"అది లేకపోయినా పనైంది కదండీ," అన్నాడు మెకానిక్.

"ఇలాంటి ఇంగ్లీషు మీద బయటికొస్తే నా పరువేం కాను? పద్ధతిగా రాసి పంపండి, అప్పుడొస్తాను."

ఆయన కాలు లోపలికి తీసుకుని తలుపు మూసుకున్నారు. హెడ్ క్లర్కుగారు ఉత్సాహంగా నా పక్కకు కుర్చీ లాక్కున్నారు.