తమ్ముడి కుర్చీ

పెద్దకత్తెర నోరు తెరిస్తే ఇక మూయడు. ఆ వాడలో మగవాళ్ళందరికీ గడ్డం గీసేది అతనే. ముఖం నిండా నురగతో కూర్చున్నవాడు ఎదురు చెప్పలేడు కదా, ఆ ధీమాతో ఏ విషయమైనా సరే ఊదరగొట్టేసేవాడు.

అది చూసే ఆస్పత్రి నర్సమ్మ అతన్ని పట్టుకుంది. ఆ వాడవాళ్ళ భాష వేరు, పట్నం భాష వేరు. ఎయిడ్స్ గురించి పట్నం భాషలో అచ్చేసిన కాగితాలు వాడలో పొట్లాలు కట్టుకోవడానికే పనికొచ్చేవి. "మీవాళ్ళకి మీ మాటే ఎక్కుతుంది, నువ్వు చెప్పు" అందామె. ఇంకేం, రెచ్చిపోయాడు.

"ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. మీ ఆవిడకి నెల తప్పిందా? వెంటనే పరీక్ష చేయించు. వైరస్ ఉన్నా, మందులు వేసుకుంటే బిడ్డకి సోకకుండా కాపాడుకోవచ్చు. ముందు నువ్వు చేయించుకో, సిగ్గేంటి?"

మగవాళ్ళు ఇళ్ళకెళ్ళి చెప్పారు. నెల తిరక్కుండా నాలుగు జంటలు ఆస్పత్రి మెట్లెక్కాయి.

ఇంత చేసినా సెలూన్‌లో రెండో కుర్చీ ఖాళీగానే ఉండేది. అది తమ్ముడు చిన్నకత్తెరది. అతనికి హెచ్ఐవీ ఉందని మూడేళ్ళ కిందట తేలింది. మందులు తప్పకుండా వేసుకుంటూ దుక్కలా ఉన్నాడు. పనిలో అన్నను మించినవాడు. అయినా అతని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. "ఈ నెలాఖరు దాకా చూస్తానన్నయ్యా. అప్పటికీ ఎవరూ రాకపోతే ఎక్కడికైనా పోయి మూటలు మోసుకుంటాను" అన్నాడు. 

నెలాఖరు రేపనగా, ఆదివారం నాడు సెలూన్ కిటకిటలాడుతోంది. "మా తమ్ముడి కుర్చీలో కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?" అని పెద్దకత్తెర అందరినీ నిలదీశాడు.

బెంచీ మీదున్న బస్సు డ్రైవరు తాత తాపీగా అడిగాడు. "అన్నీ బాగానే చెప్తున్నావు గానీ, నీ గడ్డం ఎవరు గీస్తారోయ్?"

పెద్దకత్తెర చెయ్యి తన చెంప మీదికి పోయింది. ఒకప్పుడు తమ్ముడే గీసేవాడు, మూడేళ్ళుగా తన గడ్డం తనే గీసుకుంటున్నాడు. ఎందుకని ఒక్కనాడూ తనను తాను అడగలేదు. అద్దంలో తమ్ముడు తల వంచుకుని తువ్వాలు మడతపెడుతూ కనిపించాడు. ఊరందరికీ నీతులు చెప్పిన తనలోనే భయం నక్కి ఉందన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాడు.

గబగబా వెళ్ళి తమ్ముడి కుర్చీలో కూలబడ్డాడు. "కానీరా!"

చిన్నకత్తెర కొత్త బ్లేడు వేశాడు. మొదటి గీత ఆచితూచి గీశాడు. రెండు గీతలయ్యాక పాత ఒడుపు వచ్చేసింది. 

"భయమేసిందా అన్నయ్యా?" ముఖం తుడుస్తూ మెల్లగా అడిగాడు.

"వేసిందిరా. మూడేళ్ళ నుంచీ ఉంది. నన్ను తిట్టు."

"తిట్లు ఇంటికెళ్ళాక. నాకూ భయమేసింది, ఎక్కడ నీ మీసం లేచిపోతుందోనని."

అందరూ గొల్లున నవ్వారు. పెద్దకత్తెర నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"లే, లే! వచ్చినవాళ్ళని ఎంతసేపు కూర్చోబెడతారు?" అంటూ డ్రైవరు తాత అతన్ని లేపేసి తను ఎక్కి కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు చేరారు.

"వచ్చే ఆదివారం మా మనవడి పెళ్ళి. పెళ్ళికొడుకు గడ్డం నువ్వే గీయాలి. ఉంటావుగా?" అన్నాడు తాత.

చిన్నకత్తెర ఆయన చెంపకు నురగ పూశాడు.

"ఎక్కడికి పోతాను తాతా! తల తిప్పకు."