వెనకబడ్డ కాలువ

తెల్లారేసరికి లాన్ఫెన్ పడవ కడిగేసి, నీలిపూల అద్దకం రవిక తొడుక్కుని, తలకి అదే గుడ్డ చుట్టుకుని రేవులో కూర్చునేది. చైనాలోని సుజౌ పాతబస్తీలో యాత్రికుల పడవలు నడిపే ఆడవాళ్లందరిదీ అదే వేషం. పక్కన ఫ్లాస్కులో టీ, ఆకులో చుట్టిన జిగురన్నం ముద్ద. వంతెన కింద దూరేటప్పుడల్లా ఒక పాట పాడాలి. గొంతు బాగున్నా బాగోకపోయినా పాడాల్సిందే, టికెట్టులో అదీ కలిసే ఉంది.

జనం వచ్చేది ఒడ్డు చూడ్డానికి కాదు. ఒడ్డున ఏముందని? కాఫీ దుకాణాలు, పట్టు రుమాళ్లు, ఫొటోలకి అద్దెకిచ్చే రాణుల దుస్తులు. చూడాల్సినదంతా నీళ్లలో ఉంది. ఆ కాలువ నీళ్లు కాస్త మందం. ఒడ్డున జరిగినదాన్ని ఎనిమిదేళ్లు ఆలస్యంగా చూపిస్తాయి. పైన కాఫీ దుకాణం ఉన్నచోట, కింద తలకిందులుగా ఓ ముసలమ్మ ఉప్పు రాసిన ఆకుకూర దండేనికి ఆరేస్తూ ఉంటుంది. బొమ్మలు అమ్మేచోట, నీళ్లలో ఒకాయన లాగు పైకి మడిచి కాళ్లు కడుక్కుంటూ ఉంటాడు. వీధివాళ్లకి అదేం వింత కాదు. "మా కాలువకి బద్ధకం" అని ఊరుకునేవారు. తల దువ్వుకోవాలంటే అద్దం కొనుక్కునేవారు.

మూడో వంతెన దాటితే లాన్ఫెన్ ఒకప్పటి ఇల్లు. ఇప్పుడది టీ అంగడి. అక్కడికి రాగానే ఆమె తెడ్డు తనంతట తనే నెమ్మదించేది. నీళ్లలో, రాతిమెట్ల మీద, మొగుడు టింగ్యూ కూర్చుని చేప పొలుసు గీకుతూనో, ఊరికే సిగరెట్టు కాలుస్తూనో కనిపించేవాడు.

"ఏమే, మీ ఆయన ఇవాళైనా చొక్కా మార్చాడా?" అని వెనక పడవలోంచి ఆజూ అరిచేది. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కోడళ్లుగా వచ్చినవాళ్లు.

"మార్చడం కూడానా! సీసా కూడా దాచుకోవడం లేదు తాగుబోతు సచ్చినోడు."

యాత్రికులు నవ్వేవారు. లాన్ఫెన్ నవ్వేది కాదు. ఆ సీసా మీద ఆమె కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో పోయాడు టింగ్యూ. పర్యాటక కంపెనీ ఒకటి వచ్చి వీధి వీధంతా ఖాళీ చెయ్యమంది. ఊరి బయట కొత్త ఫ్లాట్లు ఇస్తామంది. అందరూ సంతకాలు పెట్టారు, ఈయన తప్ప. "మా తాత పడుకున్న గదిలో వీళ్లు కాఫీ కాస్తారా" అని మెట్లమీద భీష్మించుక్కూర్చున్నాడు. లాన్ఫెన్ వూషీలో చెల్లెలికి ఆపరేషనంటే వెళ్లింది. ఆ సాయంత్రమే ఆయన మెట్లమీంచి కాలువలో పడ్డాడు. కొడుకు వేకాంగ్ బజారు నుంచి వచ్చేసరికి మెట్లమీద చెప్పులు మాత్రం ఉన్నాయన్నాడు. కడుపులో సారా ఉందని డాక్టరు చెప్పాడు. తాగి జారాడని వీధి అనుకుంది, పెళ్లామూ అనుకుంది. నెల తిరక్కుండానే ఏడుస్తూ ఏడుస్తూ ఆమే సంతకం పెట్టింది. వేకాంగ్‌కి కంపెనీలో పడవల రేవు మీద పెత్తనం వచ్చింది. తల్లికి పడవ ఇప్పించాడు.

అప్పటినుంచీ రోజూ నీళ్లలో మొగుణ్ణి చూడ్డం, తాగినందుకు తిట్టడం. ఒకరకంగా కాపురం సాగుతూనే ఉంది. ఎనిమిదేళ్లు నిండొచ్చాయి, ఇక ఆయన పడ్డ సాయంత్రం నీళ్లలోకి వచ్చే రోజు దగ్గర పడింది.

వారం ముందు వేకాంగ్ పడవ దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ బిళ్ల.

"అమ్మా, ఓ వారం సెలవు పెట్టు. పిన్ని దగ్గర ఉండిరా. జీతం కొయ్యను."

"ఎందుకురా?"

"ఎందుకేమిటి. నాన్న పడిపోవడం చూసి తట్టుకోలేవు నువ్వు."

"ఆయన పోయినప్పుడు వూషీలో ఉన్నాను. ఒక్కడూ పోయాడు. ఈసారి ఉంటాను."

"చూస్తే మాత్రం ఏమొస్తుంది చెప్పు? పోయినవాడు లేచొస్తాడా?"

"రాడు. అయినా ఉంటాను."

వేకాంగ్ ఇంకేదో అనబోయి, తాళాలగుత్తి వేలికి తిప్పుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాటికి ఆ మెట్ల ముందు నీళ్లమీద వెదురుచాపలు తేలుతున్నాయి. గోడ మరమ్మతట.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి చావు నీళ్లలోకి వచ్చినా, వీధిలో ఉండి వెళ్లినవాళ్లంతా ఆ పూట ఒడ్డుకి వచ్చి అగరొత్తి వెలిగించి నిలబడతారు. ఫ్లాట్లలోంచి బస్సులెక్కి టింగ్యూ కోసమూ వచ్చారు. చాపలు చూసి ఆజూకి ఒళ్లు మండింది. "చచ్చేవాడికి తోడు లేకుండా చేస్తారా" అని తెడ్డుతో ఒక్క తోపు తోసింది. చాపలు అవతలికి కొట్టుకుపోయాయి.

లాన్ఫెన్‌కి ఆ సాయంత్రం హార్బిన్ నుంచి వచ్చిన కొత్త జంట దొరికింది. వాన వెలిసి ఎండ పడింది. మూడో వంతెన ముందు పెళ్లికూతురు "పెద్దమ్మా, పాట" అని అడిగింది. లాన్ఫెన్ పాట ఎత్తుకుంది. వంతెన దాటి ఇంటి ముందుకి వచ్చింది.

నీళ్లలో టింగ్యూ మెట్లమీద నిలబడి ఉన్నాడు. ఎదురుగా వేకాంగ్.

బజారుకి వెళ్లానన్నవాడు అక్కడే ఉన్నాడు. ఇద్దరూ చేతులు ఊపుతూ వాదులాడుకుంటున్నారు. మాట వినపడదు, ఆ నీళ్లకి చూపే తప్ప గొంతు లేదు. టింగ్యూ కొడుకుని పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు. ఆ విసురుకి తనే తూలాడు. పాచి మీద కాలు జారింది. కింద నుంచి పైకి, తెడ్డు వేస్తున్న పెళ్లాం మీదికే వస్తున్నట్టు వచ్చి, నీటిపొర తాకగానే మాయమయ్యాడు.

వేకాంగ్ మిగిలాడు. కాలువలో ఈత నేర్చుకున్నవాడు, పిల్లప్పుడు ఈ వంతెన మీంచే దూకినవాడు. మెట్టు దిగలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. నీళ్లలో ఒకే చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు.

లాన్ఫెన్ గొంతు పాట మధ్యలో ఉంది. ఆపడం ఆమెకి తోచలేదు. ఒక చరణం పాడింది, రెండోదీ పాడింది. వేకాంగ్ కదల్లేదు. పాట అయిపోయాక, మెట్లమీద మిగిలిన తండ్రి చెప్పులు రెండూ వరసగా సర్ది లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

ఒడ్డున నిలబడ్డవాళ్లు అగరొత్తులు మెట్ల పగుళ్లలో గుచ్చి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పొద్దుగూకేలోగా తల్లి ఫ్లాటుకి వేకాంగ్ వచ్చాడు. వాడి పెళ్లాం పిల్లని తీసుకుని పుట్టింటికి బస్సెక్కేసిందట.

"లేస్తాడనుకున్నానమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడే. "ఆయన ఎన్నిసార్లు పడలేదు, ఎన్నిసార్లు లేవలేదు?"

"నీకు ఈత రాదా?"

"ఆయన లేకపోతే సంతకం అయిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. తేరుకునేసరికి..."

"నేను పాటంతా పాడాన్రా," అంది లాన్ఫెన్. "ఆ ఒక్క క్షణంలో."

"రేపు పొద్దున బండికి షెన్‌జెన్ పోతున్నాను. ముందు మన మెట్ల దగ్గర నిలబడతాను. పడవ ఆపి ఒక్క మాట అను. తిట్టు, కొట్టు, పోలీసుల దగ్గరికి పదమను. నువ్వేమన్నా సరే, ఉండిపోతాను."

ఆమె తలుపు వేసింది. కానీ కన్నతల్లి. పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాణ్ణి కూడా నీళ్లపాలు చేసుకోవడం ఎందుకని మనసు ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగింది. పొద్దున్నే జిగురన్నం ముద్దలు రెండు చుట్టింది. ఒకటి వాడికి, రైల్లోకి కాదు, రేవులో కూర్చుని తినడానికి.

వేకాంగ్ చెప్పినట్టే మెట్లమీద ఉన్నాడు, పక్కన సంచి. తల్లి పడవ వంతెన దాటడం చూసి కిందిమెట్టుకి దిగాడు. లాన్ఫెన్ పడవని ఒడ్డుకేసి తిప్పింది.

తిప్పుతూ నీళ్లలోకి చూసింది. అక్కడ అది ఆయన పోయిన మర్నాడు. తను వూషీ నుంచి తిరిగొచ్చిన రోజు. ఎనిమిదేళ్ల కిందటి లాన్ఫెన్ బుట్టెడు పీచ్ పండ్లు పక్కన పడేసుకుని అవే మెట్లమీద కూలబడి ఉంది. వేకాంగ్ ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆమె తన ఏడుపు మానుకుని మరీ వాడి వీపు నిమురుతోంది. చేతి అంచుతో వాడి ముక్కు తుడుస్తోంది. ఒక పండు తొక్క తీసి, ముక్క కోసి, వాడి నోట్లో పెడుతోంది. వాడు తింటున్నాడు.

"పెద్దమ్మా, అదిగో చూడు, ఆ తల్లి ఎంత ప్రేమగా చూసుకుంటోందో," అంది పడవలోని ఒకావిడ. "ఎవరు వాళ్లు?"

"ఎవరో," అంది లాన్ఫెన్.

తెడ్డు ఒక్కసారి లోతుకి వేసి, పడవని నడి కాలువలోకి తిప్పేసింది. వెనక నుంచి "అమ్మా" అన్న పిలుపు ఒకటి వచ్చింది. ఆమె తల తిప్పలేదు.

వేకాంగ్ ఆ పూటే బండెక్కాడు. మళ్లీ సుజౌలో ఎవరికీ కనపడలేదు. కాలువలో మాత్రం ఆ నెలంతా కనిపించాడు, తల్లికి పొద్దున్నే వేణ్ణీళ్లు పెడుతూ, సూపు ఊది ఊది తాగిస్తూ, గొడుగు పట్టి మెట్లు దింపుతూ. అలాంటి కొడుకు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడని యాత్రికులు పడవ ఆపించి మరీ ఫొటోలు తీసుకున్నారు. లాన్ఫెన్ వాళ్లు తీసుకునేదాకా తెడ్డు పట్టుకుని ఆగేది.