పేగుజబ్బు కోసం నడక

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. పన్నెండేళ్లుగా కాజాల మిషనే ఆమె చోటు. ఆరేళ్లుగా పేగుల్లో వాపు, పుండ్లు. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెడుతుంది. తిరగబెడితే రోజుకు పదిసార్లు విరేచనాలు, నెత్తురుతో. కడుపు మెలిపెట్టిందంటే రెండు కాజాలు కుట్టేంత వ్యవధి కూడా ఇవ్వదు.

మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి సూపర్వైజరు దగ్గర. పూటకు రెండుసార్లే ఇస్తాడు. మూడోసారి అడిగితే, "ఏమ్మా, అక్కడే కాపురం పెట్టావా?" అంటాడు, లైనంతా వినేలా.

అలాంటి ఫ్యాక్టరీకి ఉన్నట్టుండి దయ పుట్టుకొచ్చింది. పేగుజబ్బు రోగుల మందుల కోసం విరాళాల నడక పెట్టారు. గేటు పక్కన నిలువెత్తు బొమ్మ, కాజాలక్కదే. నవ్వమన్నారు, నవ్వింది. ఊరికే నవ్వలేదు.

"దొడ్డికి తాళం తీసేయిస్తే ఫొటోకి నిలబడతాను సార్."

"ముందు నడక కానీమ్మా, చూద్దాం," అన్నాడు మేనేజరు.

ఆ 'చూద్దాం' పట్టుకుని నెల్లాళ్లు ఓర్చుకుంది.

నడక రోజు పొద్దున్నే గేటు ముందు టోపీలు, బ్యానర్లు, విరాళాల డబ్బాలు, మైకు, పేపరువాళ్లు. కాజాలక్క ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. "దారిలో దొడ్లు ఎక్కడున్నాయి సార్?" అని అడిగింది.

మేనేజరు సూపర్వైజరు వైపు చూశాడు. సూపర్వైజరు దారి వివరాల కాగితం తీసి ఆయనకిచ్చాడు. నాలుగు చోట్ల మంచినీళ్లు, రెండు చోట్ల పాటలు, ఒకచోట ఫొటోలు. దొడ్డి ఒక్కటీ లేదు.

"ఐదు కిలోమీటర్లేగా, గంట బిగబట్టుకోలేవా?" అన్నాడు సూపర్వైజరు.

"దగ్గు రోగులకి ఈలల పోటీ పెట్టినట్టుంది నాయనా మీ తెలివి!" అంది ఇస్త్రీ పెద్దమ్మ.

కాజాలక్క నవ్వలేదు. కడుపు అప్పుడే మెలిపెట్టింది. లోపలి దొడ్డి తాళంచెవి ఇమ్మంది.

"సెలవురోజు కదా, ఇంట్లో ఉండిపోయింది," అన్నాడు సూపర్వైజరు.

"రిబ్బను కత్తిరించి వెళ్లమ్మా, ఒక్క నిమిషం," అంటూ మేనేజరు కత్తెర అందించాడు.

"నా కడుపు మీ రిబ్బను కోసం ఆగదు సార్!" కత్తెర ఆయన చేతిలోనే వదిలేసి రోడ్డు దాటింది. ఎదుటి మెకానిక్ షెడ్డులో, "దొడ్డి ఎక్కడ, అన్నా?" అంది. అతను ఎందుకని అడగలేదు. గ్రీజు చేత్తో వెనక్కి చూపించాడు.

కాసేపటికి తలుపు అవతల మేనేజరు గొంతు. "అందరూ నీ కోసమే చూస్తున్నారమ్మా. ఇంకెంతసేపు?"

"ఎంతసేపైతే అంతసేపు. రేపు మన దొడ్డికి తాళం ఉంటుందా?"

"ఇప్పుడా మాటలు?"

"ఇప్పుడే. లేకపోతే వచ్చి, ఆ మైకులో తాళం కథే చెబుతాను. డబ్బాల్లో వేసే వాళ్లంతా వింటారు."

అవతల గొణుగుడు, నిట్టూర్పు. "సరే, తీయిస్తాను."

"నోటిమాట వద్దు సార్. ఆ దారి కాగితం వెనకే రాయండి."

జేబులు తడుముకోవడం, మెకానిక్‌ని పెన్ను అడగడం వినిపించాయి. కొంతసేపటికి తలుపు కింద నుంచి కాగితం లోపలికి జారింది. కాజాలక్క గోడకు ఆనుకుని, చెమట తుడుచుకుని, మెల్లగా చదివింది.

"సంతకమేదీ?" అని తిరిగి తోసేసింది.