ఐదు చుక్కలు

అర బ్లేడు ముక్క చేతికిచ్చి భీమశంకరం గారు, "కానియ్ అమ్మాయ్, పోలీసు ఇన్‌స్పెక్టరు గంటలో వస్తాడు" అన్నారు. డెబ్బైనాలుగు ఏప్రిల్ ఎండ. పటాన్‌చెరు సైటాఫీసు రేకుల కింద ఫ్యాను వేడిగాలినే తిప్పితిప్పి పోస్తోంది. ఆ ఉక్కలోనూ కమలాకుమారి వేళ్లు చల్లబడిపోయాయి.

బల్లమీద ఆమె ముందు రెండున్నాయి. ఒకటి ట్రేసింగు గుడ్డమీద సిరాతో గీసిన కార్మికుల క్వార్టర్ల డ్రాయింగు. రెండోది పురికొసతో కట్టిన కాగితాల చుట్ట. ఢిల్లీలో ఆర్కిటెక్చరు పై చదువుకు ఆమె పెట్టుకుంటున్న అర్జీ అది. తను గీసిన పది డ్రాయింగుల ప్రింట్లు అందులో ఉన్నాయి. అవన్నీ ఆమె గీసినవేనని పనిచేసే చోటి ఇంజనీరు రాసివ్వాలి. ఆ కాగితం టైపు చేసి భీమశంకరం గారి ముందుంది, సంతకమొక్కటే తక్కువ. పోస్టాఫీసులో రిజిస్ట్రీ నాలుగింటికి కట్టేస్తారు. ఈరోజు పోకపోతే గడువులోగా చేరదు.

ఆమె తండ్రి సూర్యారావు ఏలూరు వైపు నుంచి రామచంద్రాపురం ప్లాంటులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. భీమశంకరం ఆయన ఊరివాడే. ఆడపిల్లకు ఇళ్లు కట్టే చదువేమిటని నవ్విన నోళ్లు మూయించి, ఈ కంట్రాక్టరు దగ్గర కొలువిప్పించింది భీమశంకరం గారే. ఆయనకు ఎదురుచెప్పడమంటే ఆమెకు తండ్రికి ఎదురుచెప్పినట్టే.

నిన్న పొద్దున ఆ క్వార్టర్ల వరండా సజ్జ కూలింది. కింద ఇసుక జల్లిస్తున్న ముత్యమ్మ కాలు నుజ్జయింది. రోజుకు మూడు రూపాయల కూలి మనిషి. కాలు తీసేయాలంటున్నారు డాక్టర్లు. మీటరుకు ఎనిమిది ఇనప చువ్వలుండాల్సిన సజ్జలో ఐదే ఉన్నాయి. ఐదని గీసింది కమల. అలా గీయమన్నది భీమశంకరం.

"ఐదును ఎనిమిది చెయ్యి. ఆ చుక్కలు గీకేసి మళ్లీ పెట్టు" అన్నారాయన గొంతు తగ్గించి. "సైటు ప్రింటు పొద్దున్నే తెప్పించి కాల్చేశాను. మేస్త్రీ ఇనుము అమ్ముకున్నాడంటే సరిపోతుంది."

"ఐలన్న ఏమవుతాడు సార్?"

"ఏమవుతాడు, నాలుగు రోజులు లోపలుంటాడు. మన సంగతి చూడు ముందు. ప్లాను మూల నీ పేరే ఉంది, మర్చిపోకు."

ఆమె మర్చిపోలేదు. నిన్నటి నుంచీ ముద్ద దిగక, కన్ను మూతపడక, ఆ పేరే కళ్లముందు ఆడుతోంది. పోలీసులు ఇంటికొస్తే నాన్న మొహం ఎలా ఉంటుందో కూడా చూసేసింది.

మేస్త్రీ ఐలన్నకు అక్షరం రాదు. డ్రాయింగులో ఒక్కో చువ్వకు ఒక్కో చుక్క. పని మొదలెట్టే ముందు ప్రతిసారీ ఆమె బల్ల దగ్గరికొచ్చి, వేలు ధోవతికి తుడుచుకుని, చుక్కలు లెక్కపెట్టుకుని పోతాడు. ఈ సజ్జకూ అలాగే వచ్చాడు.

"ఐదే సలాకలా బిడ్డా? మొన్న గోదాముకు ఎనిమిదేస్తిమి గద."

"ఐదే ఐలన్నా. సార్ చెప్పారు."

"సదువుకున్న బిడ్డవు. నువ్వు జెప్పినంక ఇగ ఏముంది" అని వెళ్లిపోయాడు.

కమల బ్లేడు ఆనించింది. మొదటి చుక్క పొడిలా రాలింది. ఆ చోట గుడ్డ గరుకై తెల్లగా తేలింది. చుట్టలో నాలుగో ప్రింటు ఈ డ్రాయింగుదేనని అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట హైదరాబాదులో తీయించింది, ఐదు చుక్కలతో. ఆ సంగతి ఆయనకు తెలియదు. చింపేసినా ఎవరికీ తెలియదు.

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. వెనకే ఐలన్న, రుమాలు చేతిలో పట్టుకుని.

భీమశంకరం ట్రేసింగును చుట్టేశారు. "మా ప్లానులో ఎనిమిదున్నాయండీ. ఇతను ఐదే వేశాడు. మిగతా ఇనుమేం చేశాడో అడగండి."

ఐలన్న మొహం పాలిపోయింది. "నేను దొంగనా సారూ? నాకు సదువు రాదు గని లెక్కొస్తది. నక్షల ఐదు చుక్కలుండె, ఐదేసిన. గీ బిడ్డనడుగుండ్రి, గామె అబద్ధమాడది."

అతని చూపులో కోపం లేదు, నమ్మకం ఉంది. కోపముంటే ఆమెకు తేలికయ్యేది.

భీమశంకరం పెన్ను మూత తీశారు. టైపు కాగితంమీద సంతకం మొదలుపెడుతూ, ఆమె వైపు చూసి నవ్వారు. "చెప్పమ్మా, ఎన్ని?"

కమల కాగితాల చుట్టను ముందుకు లాక్కుంది. పురికొస ముడి విప్పడానికి మూడుసార్లు పట్టింది. నాలుగో ప్రింటు లాగి బల్లమీద పరిచింది. మిగతా తొమ్మిదీ కిందికి దొర్లిపోయాయి.

"లెక్కపెట్టు ఐలన్నా."

ఐలన్న వేలు తుడుచుకున్నాడు. "ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు." వేలు ఇంకా వెతికింది. ఇంకేం లేవు.

"ఇదెవరు గీశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

భీమశంకరం పెన్నుకు మూత పెట్టేశారు. సంతకం సగంలో ఆగిపోయింది. గోడగడియారం మూడున్నర చూపిస్తోంది.

కమల బల్ల అంచు పట్టుకుని నిలబడింది. 

"నేనే సార్. గీయమన్నదెవరో కూడా చెబుతాను, రాసుకోండి."