ఉప్పు ఎవరు చూడాలి

“ఉప్పు చూశావా అమ్మాయ్?”

హాల్లోంచి అత్తగారు అడిగేసరికి ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. చూడలేదు. చూడాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. వెనక పళ్ళ దగ్గర గోరు దూర్చి, వంకర పళ్ళని సరిచేసే ఆ కనీకనిపించని ప్లాస్టిక్ తొడుగుల్ని ఊడబెరకాలి, పైదొకటి, కిందదొకటి. చన్నీళ్ళలో కడిగి డబ్బాలో పెట్టాలి. అప్పుడు అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకాలి. నాకాక పళ్ళు తోముకుని మళ్ళీ బిగించుకోవాలి. రెండు చుక్కల కూరకి ఇంత తతంగం! పళ్ళ డాక్టరమ్మ చెప్పినప్పుడు ఎంత తేలిగ్గా వినిపించిందో. “తినేటప్పుడు తీస్తారు, తోముకుని పెట్టుకుంటారు, మిగతా వేళంతా, నిద్రలో కూడా, నోట్లోనే ఉంటాయి. పదిహేను రోజులకో కొత్త జత, అది వేసినప్పుడల్లా నాలుగు రోజులు బిగుతుగా, నొప్పిగా ఉంటుంది. కొన్నాళ్ళు మాట ముద్దగా వస్తుంది. అంతే.” అంతేనట!

“ఆఁ, చూశానత్తయ్యా,” అని అబద్ధం చెప్పేసింది.

నలభై దాటాక పళ్ళు సరిచేయించుకోవడం. సొంత జీతంతోనే. అయినా ఎవరి సొమ్మో కాజేసినట్టే ఉంది. “ఈ వయసులో ఎవరికి చూపించుకోవాలనోయ్?” అన్నాడు భర్త, నవ్వుతూనే. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటాడు కాబట్టి కోపం తెచ్చుకునే వీలే ఉండదు. “ఇన్నాళ్ళూ చెయ్యడ్డం పెట్టుకుని నవ్వావుగా, ఏం తక్కువైందని?” అన్నారు అత్తగారు. నిజమే, పెళ్ళి ఫొటోల్లో సైతం పెదాలు బిగబట్టుకునే కూర్చుంది. కూతురి పళ్ళకి తీగలు కట్టించినప్పుడు మాత్రం ఎవరికి చూపించాలని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆస్పత్రికి తిప్పడం తల్లి పని అన్నారు, తిప్పింది. ఇప్పుడు తనకోసం తను వెళ్తుంటే కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి.

అందుకే ఎవరు ఏమన్నా తొడుగులు తీసేసేది. ఆఫీసులో ఫోనెత్తి ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. “మేడమ్, మీ మాట అర్థం కావట్లేదంటున్నారు,” అని మేనేజరు మొహం చిట్లిస్తే తీసి సొరుగులో పెట్టేది. సాయంత్రం అత్తగారు, “నాతో రెండు గుక్కల టీ కూడా తాగలేవా? పళ్ళే ఎక్కువైపోయాయి,” అంటే అయ్యో అని తీసేది. కూతురు కంచంలో వదిలేసిన ముద్దలు పారేయడానికి మనసొప్పక, సింకు దగ్గర నిలబడి తినడానికి తీసేది. ప్రతిసారీ ఒక్క నిమిషమే అనుకునేది. ఆ నిమిషం కాస్తా గిన్నెలూ బట్టలూ అయ్యేదాకా సాగేది.

ఆ పూట భోజనాల దగ్గర భర్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. “ఏంటిది? పళ్ళతో పాటు నాలుక కూడా డాక్టరుకి అప్పజెప్పొచ్చావా?” కూతురు పకపకా నవ్వింది. తనూ నవ్వింది, చెయ్యడ్డం పెట్టుకుని. నవ్వుతూనే ఉప్పు డబ్బా తేవడానికి లేచింది. పాపం, ఆకలితో వచ్చిన మనిషికి చప్పటి కూర పెట్టాను కదా అనుకుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఆ వారమే కొత్త జత పళ్ళకి ఎక్కలేదు. తొడుగు సరిగా కూర్చోవడానికి డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు ముక్క కొరుకుతూ నొక్కినా ముందు పంటికీ తొడుగుకీ మధ్య సందు అలాగే ఉంది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంక చాలు, నాలాంటిదానికి ఇవన్నీ ఎందుకు, మానేస్తానని చెప్పడానికే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“సరిగా పెట్టుకోవట్లేదు కదూ?” అందావిడ నోట్లో దీపం వేసి చూస్తూ.

“పెట్టుకుంటున్నానండీ.” ఇంకో అబద్ధం.

ఆవిడ కోప్పడలేదు. “నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారో చెప్పండి.”

చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పు చూడటం, కారం చూడటం, మిగిలినవి ఊడ్చి తినడం, ఎవరికో తోడుగా టీ, ఎవరు నొచ్చుకుంటారోనని ఓ ముక్క. చెప్తూ చెప్తూ తనే ఆశ్చర్యపోయింది. రోజంతా నోరు ఆడుతూనే ఉంది.

“మరి మీరు భోంచేసేదెప్పుడండీ?”

“అందరూ లేచాకండీ... గిన్నెలు సర్దుతూ,” అంది.

“పాత జతే ఇంకొన్నాళ్ళు వేసుకుంటే పళ్ళు మళ్ళీ దారికొస్తాయి,” అంది డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ. “కానీ ఒకచోట కూర్చుని కడుపునిండా తినాలి. తిన్నాక ఇంక నోరు కట్టేసుకోవాలి. కుదరదంటే ఇప్పుడే మానేయడం మంచిది.”

ఆ సాయంత్రం పాత జత నోట్లో ఉండగానే వంట చేసింది. పొయ్యి కట్టేసింది.

“ఉప్పు చూశావా అమ్మాయ్?”

“లేదత్తయ్యా.” గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చింది. “ఏవండీ, కాస్త ఉప్పు చూసి పెట్టండి.”

భర్త ఫోన్లోంచి తలెత్తాడు. “నేనా? నాకేం తెలుస్తుంది?”

“రోజూ తిన్నాక చెబుతారుగా. ఇవాళ తినకముందు చెప్పండి.”

నవ్వబోయాడు. ఆమె నవ్వకపోవడం చూసి చెయ్యి చాపాడు. అరచేతిలో రెండు చుక్కలు నాకి, “కొంచెం... పడాలేమో,” అని నసిగాడు. ఉప్పు డబ్బా ఆయన చేతికిచ్చి, కంచాలు పెట్టింది. అందరికంటే ముందు తన కంచం పెట్టుకుంది. కూర్చుని, తొడుగులు తీసి డబ్బాలో పెట్టి, కంచం పక్కనే ఉంచుకుంది. తప్పు చేస్తున్నట్టే ఉంది ఇంకా. అయినా లేవలేదు.

“అదేమిటే, మాకు వడ్డించవూ?” అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి.

“మీరూ వచ్చి వడ్డించుకోండత్తయ్యా,” అంది ఆమె. “నాకు ఆకలేస్తోంది.”